ఖాడీకి అవతలి ఒడ్డు

"ఆ డ్రమ్ములు నదిని చేరకూడదు," అన్నాడు చీఫ్ సూర్యప్రకాశరావు, కరోనా రోజుల ఎన్95 మాస్కు వెనక నుంచి. "సరిహద్దు నదిని కలిసి శుభ్రం చేసుకుంటామని మనమూ బంగ్లాదేశూ వచ్చేవారం సంతకాలు చేస్తున్నాం. అది చెడగొట్టడానికి ఒక విదేశీ ముఠా దిగింది. సూరత్ మిల్లు సీలున్న విషపు డ్రమ్ములు నదిలో తేలితే, నేరం మన నెత్తిన."

"ఏ లారీలో పోతున్నయ్ సార్?" అడిగాడు ఏజెంట్ సదానందం.

"మన డబుల్ ఏజెంట్ లత చెబుతుంది."

"మరి మా ఖాడీ?"

సదానందం తల్లి నర్సవ్వ ఇప్పటికీ సూరత్ లింబాయత్‌లో, మిల్లుల రంగునీళ్లు పారే ఖాడీ అనే వాగు ఒడ్డునే ఉంటోంది.

"ఇది కానీ. తర్వాత మీ ఖాడీయే. నా మాట."

మారువేషానికి, సాంచాలు అంటే మరమగ్గాలు నడిపిన తండ్రి పాత లుంగీ చాలింది.

మిల్లు మరమగ్గాల షెడ్డులోకి లత పట్టుచీరలో వచ్చింది. లిప్‌స్టిక్ దాచుకోవడం ఇష్టంలేక, మాస్కు మానేసి పారదర్శకమైన ఫేస్‌షీల్డ్ పెట్టుకుంది.

"నీలం టార్పాలిన్ లారీ," అని అతని చెవిలో అరిచి, మగ్గాల మధ్యకు వెళ్లి ఫోన్ తీసింది. ఆ మోతలో ఏ మైకూ పనిచేయదని ఆమె ధీమా.

దూరంగా ఆమె పెదవులు కదిలాయి. 'వాడు నీలం వెంట పడతాడు. పచ్చదాన్ని బయటికి వదలండి.'

సదానందం పరుగెత్తాడు. పచ్చ టార్పాలిన్ లారీ ముందు చక్రాలు అప్పటికే గేటు దాటాయి. అతని సైలెన్సర్ పిస్టల్ రెండుసార్లు దగ్గింది. ఆ దగ్గుకు వాచ్‌మన్ ఆరడుగులు వెనక్కి జరిగాడు. వెనక టైర్లు కూలబడ్డాయి.

బేడీలు పడ్డాక లత అడిగింది. "బగ్ ఎక్కడ పెట్టావ్?"

"పెట్టలే. సాంచాల లొల్లిల మేం పెదవులు చూసే మాట్లాడుకుంటం మేడమ్. మాస్క్ పెట్టుకుంటే బతికిపోదువు."

వారం తర్వాత టీవీలో సంతకాలు, చప్పట్లు. అదే పూట నర్సవ్వ ఫోన్.

"ఏందిరా సదా, ఖాడీ గిట్ల నల్లగైంది? పొద్దుగాల సర్కారోళ్లు డ్రమ్ములు తెచ్చి ఒంపి పోయిన్రు. కండ్లు మండుతున్నయ్ రా."

ఖాడీ ఒడ్డుకు చేరి, ఖాళీ డ్రమ్ముల మీది మిల్లు సీలు చూసి, సదానందం చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"సీజ్ చేసిన సరుకు ఎక్కడో ఒకచోట పారబోయాలి కదయ్యా."

"మాటిచ్చిన్రు సార్."

"ఒప్పందానికి రెండు దేశాలు కావాలి. మీ ఖాడీకి అవతలి ఒడ్డు కూడా మనదేనాయె!"

ఫోన్ కట్టయింది. ఒడ్డు పొడుగునా సాంచాల పనివాళ్లు నిలబడి అతని వైపే చూస్తున్నారు. సదానందం మాస్కు పైకి లాక్కుని, అప్పుడు తిట్టాడు.