తెర వెనక గొంతు

1971 ఫిబ్రవరి 20, శనివారం సాయంత్రం. తొండియార్‌పేట ఎన్నికల సభలో మాట్లాడుతుండగా అలివేలు గొంతు పోయింది. డాక్టరు చూసి, పది రోజులపాటు ఒక్క మాట కూడా మాట్లాడగూడదన్నాడు. పోలింగుకు అన్ని రోజులు లేవు.

అలివేలు మద్రాసు రేడియోలో తెలుగు వార్తలు చదివేది. పార్టీ ఆమెను లోక్‌సభకు నిలబెడతామనగానే ఉద్యోగానికి రాజీనామా చేసింది. ఆమె ముఖం చూసినవాళ్లు తక్కువ. గొంతు వినని తెలుగు ఇల్లు మాత్రం ఉత్తర మద్రాసులో లేదు.

ఆదివారం పొద్దున పార్టీ మనిషి ధర్మలింగం ఈ కబురుతో వాషర్‌మెన్‌పేట వచ్చాడు. అలివేలు అక్క పంకజం ఇల్లు అక్కడే. ఆమె వంటింట్లో పప్పు మెదుపుతోంది. కబురు విన్నాక కూడా చెయ్యి ఆగలేదు. కానీ లోపల ఏదో చల్లగా తగిలింది... అది సంతోషమే! సొంత చెల్లెలి గొంతు పోయిందంటే సంతోషమా! పంకజం సిగ్గుపడింది. సిగ్గుపడినా ఆ చల్లదనం పోలేదు.

రేడియో ఉద్యోగానికి ముందు పిలుపు వచ్చింది పంకజానికే. చూపు తగ్గిన తండ్రికి రోజూ పేపరు చదివి వినిపించింది ఆమె. పక్కన కూర్చుని ఆ చదవటం నేర్చుకున్నది అలివేలు. వాయిస్ టెస్టుకు రమ్మన్న రోజునే పప్పుల మండీ గోపాలయ్య పిల్లను చూడటానికి వస్తానన్నాడు. "రేడియో యాడికి పోతాది? సంబంధం పోతే వస్తాదా?" అన్నాడు తండ్రి. పంకజం పట్టుచీర కట్టుకుని వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చింది. రెండేళ్లకు మళ్లీ పిలిచినప్పుడు అలివేలు వెళ్లింది. ఆ ఉద్యోగం ఆమెది అయింది.

అప్పటినుంచి సాయంత్రం వార్తల వేళకు పంకజం తన రేడియో కట్టేసేది. అయినా గోడ అవతలి ఇంటి రేడియో వినిపించేది. "వార్తలు చదువుతున్నది అలివేలు..." ఆ మాట అయ్యేదాకా ఆమె ఊపిరి బిగపట్టేది. తరవాత వార్తలతోపాటు పెదవులు కదిపేది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేది, ఎక్కడ దించాలో అక్కడ దించేది. గొంతు ఒకటే, చదివే తీరు ఒకటే... పేరొక్కటే వేరు! బంధువులు పెళ్లిళ్లలో ఆమెను "రేడియో అలివేలు అక్క" అనేవాళ్లు. ఆ మాటకు నవ్వి, ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చిన రోజులున్నాయి.

"అమ్మా, ఈ సాయంత్రం మీ వీధి కొసనే సభ ఉండాది. మీరు తెర వెనక కూర్చోని మైకులో చదివితే చాలు," అన్నాడు ధర్మలింగం. "ముందర ఆయమ్మ నోరు ఆడిస్తాది. కోడంబాక్కం సినిమా స్టూడియోల్లో దినామూ జరిగేదే గదా! ఒకరు పాడతారు, ఒకరు ఆడతారు. ఎవరన్నా తప్పంటారా?"

"పాడినవాళ్ల పేరు తెర మీద వేస్తారు గదా ధర్మలింగం! నా పేరు యాడ వేస్తావు?"

ధర్మలింగం చేతిలోని కాఫీ గ్లాసు వైపు చూశాడు.

"పో పంకజం. నీ చెల్లెలు గదా," అన్నాడు ముందు గదిలోనుంచి భర్త గోపాలయ్య.

"చెల్లెలే! ఎప్పుడూ చెల్లెలే! నేనెవరో ఈ ఇంట్లో ఒక్కరైనా అడిగినారా?"

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, "సరి, వస్తాను," అంది. ఏం చెయ్యాలనుకుని వస్తున్నదో ఇద్దరికీ చెప్పలేదు.

సాయంత్రం వీధి కొసన వేదిక కట్టారు. తెర వెనక ఒక కుర్చీ, ఒక మైకు. చదవాల్సిన కాగితం కుర్చీ మీద పెట్టారు. సభకు ముందు అలివేలు తెర వెనక్కి వచ్చింది. మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని ఉంది. అక్క చెయ్యి పట్టుకోబోయింది. పంకజం చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పో. జనం నీ ముఖం చూడటానికి వచ్చినారు."

అలివేలు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లి మైకు ముందర నిలబడి చేతులు జోడించింది. ఆమె ముందున్న మైకుకు వైరు లేదు.

పంకజం కాగితం చూసింది. మొదటి వాక్యం: "నేను మీ అలివేలును." దాన్ని చదివితే చాలు, సభ నడిచిపోతుంది. తెర సందులోనుంచి చెల్లెలి వీపు కనిపిస్తోంది. పంకజానికి ఆ పట్టుచీర, ఆ కాఫీ గ్లాసులు గుర్తొచ్చాయి. గోడ అవతలనుంచి వినిపించిన ఆ ఒక్క మాట గుర్తొచ్చింది. గొంతు నాది, పేరు దానిది... ఇంకా ఎన్నాళ్లు! కాగితం కింద పెట్టింది.

"నేను అలివేలును కాను!" అంది మైకులో. "అలివేలుకు గొంతు పోయింది. మాట్లాడుతున్నది వాళ్లక్క పంకజం!"

ధర్మలింగం తల పట్టుకున్నాడు. ముందు వరసలో పూలమ్మే మునెమ్మ లేచి నిలబడింది.

"ఏందమ్మా ఇది? దినామూ రేడియోలో వచ్చేది నువ్వా, ఆయమ్మా?"

ఎవరో నవ్వారు. ఇంకెవరో "మోసం!" అని అరిచారు. అనుకున్నదే జరిగింది. కానీ పంకజం కుర్చీలోనుంచి లేచి వెనక్కి జరిగింది. ఇందుకేనా వచ్చింది తను?

అప్పుడు తెర పక్కకు జరిగింది. జరిపింది అలివేలు. ఆమె కుర్చీ ఎత్తి వేదిక ముందుకు తెచ్చి వేసింది. పలికే మైకును తెచ్చి దాని ఎదుట నిలబెట్టింది. అక్క రెండు భుజాలూ పట్టుకుని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి, చెవి దగ్గరకు వంగింది.

"అక్కా..." డాక్టరు వద్దన్న మాట అది. గాలి తప్ప శబ్దం లేదు. "పార్టీవాళ్లు సినిమాలకు గొంతు ఇచ్చే ఆమెను పిలుస్తామన్నారు. నేనే నిన్ను పిలవమన్నాను. చదివిన ప్రతి దినమూ నీలాగా చదివినాను. ఇది నీ గొంతే అక్కా!"

"మాట్లాడొద్దే! ఉన్నదీ పోతాది!" అంది పంకజం. అని, చెల్లెలి మెడ చుట్టూ గుడ్డ సర్ది, ఆ గుడ్డలోనే ముఖం దాచుకుని భోరున ఏడ్చింది... ఎదురుగా మైకు ఉందన్న సంగతి ఆమెకు గుర్తు లేదు. ఆ ఏడుపు వీధంతా విన్నది.

కూర్చున్న ఆడవాళ్లలో చాలామంది కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. మునెమ్మ, "సరి సరి, ఏడ్చింది చాలు. చెప్పేది చెప్పమ్మా!" అంది.

పంకజం కాగితం కోసం చూసుకోలేదు.

"మన వీధి కొళాయికి నీళ్లు తెల్లారకముందే వచ్చి ఆగిపోతాయి. బిందె పట్టుకోని నేనూ మీతోనే నిలబడతాను. వీధి కొళాయికి పొద్దుపూట నీళ్లెందుకు రావు? నా చెల్లెలు ఢిల్లీకి పోయి ఈ మాట అడగాల. అడగలేదనుకో, వచ్చే తూరి ఇదే గొంతుతో నేనే దాన్ని తిడతాను!"

ఈసారి వీధంతా నవ్వింది. అలివేలు కూడా నవ్వింది, శబ్దం లేకుండా.

మార్చిలో ఓట్లు లెక్కపెట్టారు. అలివేలు గెలిచింది. ఢిల్లీ రైలెక్కే రోజు సెంట్రల్ స్టేషన్లో ఆమె అక్కకు ఒక మాట చెప్పింది. రేడియోలో తన చోటు ఇంకా ఖాళీగానే ఉందట.

వాయిస్ టెస్టు రోజు పంకజం నూలు చీర కట్టుకుంది. గోపాలయ్య మండీకి పోకుండా వాకిట్లో రిక్షా నిలబెట్టించాడు.

"ఆ పొద్దు నేనే అడ్డం వచ్చినాను గదా," అన్నాడు. "ఈ పొద్దు దిగబెట్టి వస్తాను, ఎక్కు."

రేడియో స్టేషన్లో అధికారి పార్టీలో సభ్యురాలివా అని అడిగాడు.

"కాను. ఒక్క తూరి మైకు పట్టుకున్నాను. నేనెవరో చెప్పుకోవటానికి," అంది పంకజం.

జులైలో ఒక సాయంత్రం వాషర్‌మెన్‌పేటలో గోపాలయ్య రేడియో పెట్టాడు. గోడ అవతలి ఇంట్లోనూ రేడియో మోగుతోంది.

"వార్తలు చదువుతున్నది పంకజం. వీధి కొళాయిలకు పొద్దుపూట మంచినీళ్లు ఎందుకు రావటంలేదని ఉత్తర మద్రాసు సభ్యురాలు అలివేలు ఈ రోజు లోక్‌సభలో అడిగారు."