సీమోను పాటను చెరిపిందెవరు?

ఒక్క నిమిషం ఆగండి. చేతిలో పని పక్కన పెట్టి వినండి, ఎందుకంటే ఇక్కడ పోయింది నగలూ కాదు, నోట్లూ కాదు. చనిపోయిన ఒక మనిషి గొంతు.

శంషాబాద్‌లో, విమానాలు నెత్తిమీదుగా దిగే వీధిలో, ప్రైవేట్ డిటెక్టివ్ వేదవతి ఆఫీసు ఉంది. ఆ ఉదయం తలుపు తోసుకుని వచ్చిన యువకుడి పేరు ఎజ్రా. ఊరు కొత్వాల్‌గూడ. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా బాపు సీమోను పోయిన యేడు చనిపోయిండు మేడం. చర్చిల అందర్ని చేతులెత్తమనుకుంట పాడిన వీడియో ఒక్కటే మిగిలింది. దాన్ని చెరిపేసిండ్రు. నేనే చెరిపిన అని నా భార్య రెబెక్క ఒప్పుకుంటున్నది. అమ్మేమో రేపు ఆమెను కందుకూర్ల పుట్టింట్ల దించి రమ్మంటున్నది."

"మీరేమంటారు?"

"బాపుకు ఆఖర్ల గంజి తాగిపిచ్చింది ఆమెనే. గట్ల చేసే మనిషి కాదు."

వేదవతి లేచింది. ఆమె సహాయకుడు దుర్గేష్ అప్పటికే బైకు తాళాలు అందుకున్నాడు. మేడం చూపు గోడలనైనా దాటుతుందని అతని నమ్మకం.

ఎజ్రా ఇంటి హాల్లో పెద్ద టీవీ, దాని కింద పాటలూ సినిమాలూ దాచుకునే చిన్న పెట్టె ఉన్నాయి. రిమోటు మాత్రం మామూలుది కాదు. దాన్ని గాలిలో ఎటు తిప్పితే తెర మీద బాణం అటు పరుగెడుతుంది.

దుర్గేష్ పెట్టెను పరీక్షించాడు. "తెర పైమూలలో చెత్తబుట్ట బొమ్మ ఉంది మేడం. దానిమీద ఒక్క నొక్కు చాలు, రెండోసారి అడగదు. తర్వాత అదే చోట సీరియళ్లు రికార్డయ్యాయి. ఇక వీడియో తిరిగి రాదు."

ఎజ్రా తల్లి ఇందిరమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. ఆమె వేళ్లకు పట్టు తక్కువని, చేతిలోంచి జారిపోకుండా రిమోటు పట్టీని మణికట్టుకే తగిలించారు.

"వీడియో పోయిన పూట ఏం జరిగిందమ్మా?"

"రోజూ లెక్కనే ఆయన పాట పెట్టుకుని ప్రార్థనల మునిగిన. కండ్లు తెరిస్తే ఆయన లేడు. ఈ కోడలు టీవీ పక్కన నిలబడ్డది. అన్నం పెట్టిన ఇంటికి సున్నం పెట్టింది."

వేదవతి కోడలి వైపు తిరిగింది. "ఎలా చెరిపావో చూపించమ్మా."

రెబెక్క అత్త చేతి పట్టీ విప్పి, రిమోటును టీవీకి గురిపెట్టి మీటలు ఒత్తింది. బాణం అటూ ఇటూ వణికింది గానీ పైమూలకు చేరలేదు.

"గిట్లనే ఒత్తిన. కోపమొచ్చింది, ఒత్తిన. ఇగ నన్నేం అడగకుండ్రి."

వేదవతి అందరినీ హాల్లోనే కూర్చోబెట్టింది. చర్చి పాట ఇంకొకటి నకలు తీసి పెట్టమని దుర్గేష్‌కి చెప్పి, రిమోటును మళ్లీ ఇందిరమ్మ చేతికి తగిలించింది. "రోజూ ఎలా పాడుకుంటారో అలాగే పాడండమ్మా."

పాట మొదలైంది. ఇందిరమ్మ కళ్లు మూసుకుంది. పల్లవి మళ్లీ వచ్చేసరికి, చర్చిలో అలవాటైనట్టే, రెండు చేతులూ పైకి లేచాయి. బాణం పైమూలకు దూసుకెళ్లింది. భక్తితో ఆమె పిడికిలి బిగిసి, చేతిలోని రిమోటు మీట నొక్కుకుంది. పాట నడుమ తెగి, తెర నల్లబడింది.

ఆమె ఆగలేదు. కళ్లు మూసుకుని, సన్నని గొంతుతో తానే పాడుకుంటోంది.

వేదవతి గొంతు తగ్గించింది. "రెబెక్కకు ఈ రిమోటు వాడటమే రాదు ఎజ్రా. మామూలు రిమోటనుకుని మీటలు నొక్కింది. ఆ పూట ఆమె కళ్లముందు జరిగింది ఇదే, ఆపేలోపే అయిపోయింది. మీ నాన్నగారు చేతులెత్తమన్నారు. మీ అమ్మగారు ఎత్తారు."

ఎజ్రా భార్య వైపు తిరిగాడు. "నాకన్న చెప్పొచ్చు కదనే."

"ఏమని చెప్పాలె? మీ అమ్మ చెయ్యే బాపును చెరిపిందనా?" రెబెక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నన్ను కందుకూర్ల దించు. ఆమెకు మాత్రం చెప్పకు. తెలిస్తే మల్ల ప్రార్థనల చేతులెత్తదు."

దుర్గేష్ టీవీ ఆపేసి కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఇందిరమ్మ పాట ముగించి కళ్లు తుడుచుకుంది. "తేలిందా బిడ్డా? ఇదేనా, ఇంకెవరన్ననా? పెట్టె ఖరాబైందని ఊకె చెప్పకు. ప్రార్థన చేసి అడుగుతున్న, నిజం చెప్పు."

దొంగ పేరు చెప్పడానికి ఎన్నడూ తడుముకోని వేదవతి ఆ తల్లి చేతులనూ, ఆ కోడలి ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. చెబితే ఆ తల్లి చేతులు మరి లేవవు. చెప్పకపోతే రేపు ఆ కోడలు గడప దాటాలి. వేదవతి స్థానంలో మీరుంటే ఏం చెబుతారు?