నీళ్లు రాని స్నానాల గది

అల్లూరులో రొయ్యల గుంటల వైపు పోయే రోడ్డు మీద ఒక టైల్స్ షాపుంది. కొనేవాళ్లు చూసుకోవడానికని లోపల వరసగా ఉత్తుత్తి బాత్రూములు కట్టి పెట్టారు. గోడకు టైల్సు, అద్దం, కుళాయి అన్నీ ఉంటాయి, నీళ్లు మాత్రం రావు. వాటిలో చివరి గదికి మంచి పేరు లేదు.

ఎవరో ఒకావిడ కొత్తింటికి టైల్స్ ఎంచుకోవడానికి నెలల తరబడి తిరిగిందట. ఏదీ నచ్చలేదట. ఇల్లు సగంలో ఉండగానే కన్నుమూసిందట. అయినా ఆ ఎంపిక తెమల్లేదు... చీకటి పడ్డాక వచ్చి, ఆ గదిలో కూర్చుని ఇంకా చూసుకుంటూనే ఉంటుందని చెప్పుకుంటారు. ఎవరు చూశారని మాత్రం అడక్కండి.

"పొద్దుగూకినాక ఆ పక్కకి పోబాక అబ్బయా," అనేవాడు వాచ్‌మన్ హజరత్తయ్య. ఈ కథ కూడా ఆయన చెప్పగా విన్నదే.

షాపులో టైల్స్ చూపించే అజారుద్దీన్ ఆ మాటకు నవ్వేవాడు. దెయ్యానికి భయపడే ఓపిక కూడా అతనికి మిగిలేది కాదు. కొనడానికొచ్చినవాళ్లు తెల్లవి ఆసుపత్రిలా ఉన్నాయంటారు, నల్లవాటి మీద ఉప్పునీళ్ల మరకలు కనిపిస్తాయంటారు. భార్యకు నచ్చింది భర్తకు నచ్చదు, ఇద్దరికీ నచ్చింది అత్తగారికి నచ్చదు. అన్నీ దించి, తుడిచి, చూపించి, మళ్లీ సర్దేసరికి నడుం విరిగేది.

ఇంటికెళితే భార్య సాహిరాదీ అదే మాట. వాళ్ల బాత్రూముకు ఒట్టి సిమెంటే, పాచి పట్టి జారుతుంది. పోయిన నెల అందులోనే పడి ఆమె చెయ్యి విరగ్గొట్టుకుంది.

"రేపు మీ అమ్మ పడితే ఏం జేస్తారు?" అని అడిగింది ఆ రాత్రి.

"ఇంట్లో కూడా టైల్స్ గోలేనా! తరవాత చూద్దాంలే," అని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు రాత్రి ఓనరు వెళ్లిపోయాడు, హజరత్తయ్య టీకి వెళ్లాడు. అజారుద్దీన్ షట్టరు సగం దించాడో లేదో కరెంటు పోయింది. సెల్‌ఫోను లైటు వేసుకుని, గదులన్నీ ఒకసారి చూసి తాళం వేద్దామని లోపలికి నడిచాడు...

చివరి గదిలో — ఎవరో కూర్చున్నారు.

తల నుంచి కాళ్ల దాకా నలుపు. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. బుర్ఖా అతనికి కొత్త కాదు. కానీ షాపులో జనం ఖాళీ అయి చాలాసేపైంది.

"ఎ... ఎవరమ్మా?"

బుర్ఖాలోంచి ఒక చెయ్యి లేచి గోడకున్న టైల్స్ చూపించింది. తల అడ్డంగా ఊగింది.

"ఇంకోటి..." గుసగుసగా వినిపించింది.

ఎడమ చెయ్యి! ఎదుటివాళ్లకు ఏదైనా చూపించాలన్నా, ఇవ్వాలన్నా కుడిచెయ్యే కదా చాస్తారు? దెయ్యాల జాతి అన్నీ తిరగేసి చేస్తుందని చిన్నప్పుడు వాళ్ల నానమ్మ చెప్పేది. పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూద్దామనుకున్నాడు, ధైర్యం చాల్లేదు.

పారిపోవాల్సిందే. కాళ్లు కదిలితేగా! అలవాటుపడ్డ చేతులు మాత్రం కదిలాయి. పక్క అరలోంచి ఒక పలక తీసి లైటు ముందు పెట్టాడు.

"ఇది... మ్యాట్ ఫినిషింగమ్మా, మెరవదు."

"ఇంకోటి..."

నీలంది చూపించాడు. నున్నటిది చూపించాడు. ఆమె వేలితో రాసి చూసి పక్కకు తోసేసింది. అజారుద్దీన్‌కు చెమటలు కారిపోతున్నాయి, లోపల కలిమా చదువుకుంటున్నాడు. చచ్చినా వదలరా ఈ టైల్స్ ఎంచుకునేవాళ్లు! నిజంగా ఏడుపొచ్చింది.

చివరికి గరుకుగా ఉన్న లేతాకుపచ్చ పలకొకటి తీశాడు. ఆమె దాన్ని చాలాసేపు తడిమింది. తిరిగివ్వకుండా ఒళ్లో పెట్టుకుంది.

"ఎ... ఎవరింటికమ్మా?"

"మనింటికే."

బుర్ఖా మడతల్లోంచి కుడిచెయ్యి బయటికొచ్చింది — మోచేతి దాకా పుత్తూరు కట్టు! ముసుగు పైకి జరిగింది.

అజారుద్దీన్ గోడకు చేరగిలబడి నేల మీదే కూలబడ్డాడు. "సాహిరా! చంపేసినావు గదే..."

"కరెంటు పోకముందే వచ్చినా. అందరూ పొయ్యేదాకా ఇక్కడే కూర్చోనుండా," అంది సాహిరా. ఆమె నవ్వలేదు. "ఊరందరికీ అడిగినన్ని చూపిస్తా ఉండారు. పెళ్లాం అడిగితే తరవాతంటారు. కొనేదాని మాదిరి వస్తే నాకూ చూపిస్తారేమోనని..."

అతనికి సిగ్గేసింది. ఆ కట్టు వైపు చూశాడు. తరవాత మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. పై అరలోంచి ఇంకో పలక దించి, చొక్కా అంచుతో తుడిచాడు.

"ఇంకోటుంది," అన్నాడు. "ఇది దానికన్నా మేలు, అసలు జారదు. చూడు."