ఎక్కడికని అడిగే మనిషి

"నా వేళ్ళే అరిగిపోయాయి కాజ్. ఇంక నన్నొదిలెయ్," అంది స్టాషా, బంగాళాదుంప తొక్కు తీస్తూ.

"అరిగితే అరిగాయి. వేలిముద్రలు మెషీనుకి అందలేదన్నారు గానీ, తుపాకీ లైసెన్సు ఇవ్వం అని ఎవరన్నారు? మంగళవారం మళ్ళీ రమ్మన్నాడు కదా ఆ కుర్రాడు," అన్నాడు కాజిమిర్. పొద్దున్న కాఫీ దగ్గర ఒకసారి, చర్చికి వెళ్తూ కారులో ఒకసారి ఇదే మాట అన్నాడు.

"ఆ కుర్రాడు నా చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ ఆ గాజు మీద అద్దుతుంటే వెనకాల ఊరంతా నిలబడి చూస్తోంది. ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు."

"ఊరంతా కాదు. మన క్లబ్బు ఎడీ, వాళ్ళావిడా. అంతే."

"వాళ్ళావిడ చాలు. ఊరంతా చెప్తుంది."

డెనీజ్ బల్ల మీద ప్లేట్లు సర్దుతూ నవ్వుకుంది. మసాచుసెట్స్‌లో నది ఒడ్డునున్న ఆ రెండు వాటాల ఇంట్లో కింద అమ్మా నాన్నా, పై వాటాలో తనూ, పదిహేనేళ్ళ కూతురు టెస్సూ ఉంటారు. ఆదివారం భోజనం మాత్రం అందరికీ కిందే. ఇవాళ తమ్ముడు రోమన్ కూడా సరిహద్దు దాటి న్యూహాంప్‌షైర్ నుంచి వస్తున్నాడు.

గొడవ తాళంచెవి గురించి. నేలమాళిగలో గోడకి బిగించిన ఇనప బీరువా ఒకటి ఉంది. అందులో మూడే తుపాకులు. ఒకటి కాజిమిర్ తండ్రిది, జంటగొట్టాలది. ఒకటి జింకల వేటకి. మూడోది గురువారాలు క్లబ్బులో గాల్లోకి ఎగిరే మట్టి బిళ్ళల్ని కొట్టడానికి. ఈ రాష్ట్రంలో తుపాకీ ఉన్నవాడు దాన్ని తాళంలో పెట్టాలి. లైసెన్సు లేని మనిషి చేతికి ఆ తాళం అందకూడదు. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి విని స్టాషా, "నా ఇంట్లో బీరువా, దాని తాళం నేను ముట్టుకోకూడదా?" అని వెళ్ళి క్లాసులో కూర్చుంది. పరీక్ష రాసింది. మాష్టారు ఇచ్చిన తుపాకీ పేల్చి, భుజం రుద్దుకుంటూ ఇంటికొచ్చింది. పోలీసు అధికారి సంతకంతో లైసెన్సు కార్డు రాగానే మొగుడి ముందు చెయ్యి చాచింది. "ఇటియ్యి. ఇకనుంచి ఇది నా దగ్గరుంటుంది."

వేళాకోళం అనుకున్నాడు కాజిమిర్. ఆ రోజునుంచి తాళంచెవి ఆమె మెడలోని గొలుసుకి, మరియమ్మ పతకం పక్కనే వేలాడుతోంది. ఆమె మళ్ళీ ఒక్క తూటా కూడా పేల్చలేదు. లైసెన్సు మాత్రం గడువు తీరినప్పుడల్లా మార్పించుకుంటూనే ఉంది.

డెనీజ్ చిన్నప్పటినుంచీ వింటున్న సంభాషణ ఇది.

"స్టాషా, తాళం."

"ఎక్కడికి?"

"క్లబ్బుకి."

"ఎప్పుడొస్తావు?"

"నాలుగింటికి."

అప్పుడు మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి గొలుసు విప్పేది. మొగుడూ పెళ్ళాల సరసం అనుకునేది డెనీజ్.

"అమ్మ వద్దంటోంది కదా నాన్నా, ఇంక నువ్వే పెట్టుకో తాళం," అంది ఇప్పుడు.

"నేను పెట్టుకోను."

"పోనీ అమ్మెయ్యి."

"అమ్మితే అమ్ముతాను గానీ నా దగ్గర పెట్టుకోను," అన్నాడు కాజిమిర్, కిటికీలోంచి నదిని చూస్తూ.

కిటికీ దగ్గర కూర్చుని పుస్తకం తిప్పుతున్న టెస్ చప్పున తలెత్తింది. "అమ్మేస్తే నేనెలా నేర్చుకుంటాను జాజీ?" ఆ ఇంట్లో తాతని జాజీ అనీ, అమ్మమ్మని బాబ్చీ అనీ పిలుస్తారు.

"నేర్చుకోమని ఎవరన్నారు?" అంది డెనీజ్.

"నా ఈడు వాళ్ళకి కార్డిస్తారు. తల్లి ఒప్పుకోవాలంతే. అంతేనమ్మా, ఒక్క సంతకం."

డెనీజ్ చేతిలోని ప్లేటు కింద పెట్టింది. ఆమె రెండో తరగతి టీచరు. మొన్న శుక్రవారమే బడిలో తుపాకీతో ఎవరైనా వస్తే ఎలా దాక్కోవాలో పిల్లలకి అభ్యాసం చేయించారు. దీపాలు ఆర్పి, తలుపుకి గడియ పెట్టి, అందర్నీ పుస్తకాల అరల వెనక కూర్చోబెట్టింది. ఒక పిల్లవాడు చెవిలో అడిగాడు, "టీచర్, మీ బొటనవేలు పట్టుకోవచ్చా?" పట్టుకున్నాడు. ఆ పిడికిలి వెచ్చదనం ఇంకా చేతిలో ఉంది. అదే చేత్తో సంతకం పెట్టమంటోంది కూతురు.

ఇంతలో రోమన్ వచ్చాడు. తలుపు తీస్తూనే, "ఏం టీచరమ్మా, ఈ వారం ఎవరిచేత గోడకుర్చీ వేయించావు?" అంటూ పొగబెట్టిన సాసేజిల పొట్లం బల్ల మీద పడేశాడు.

"నీచేతే వేయించాలి. కాళ్ళు తుడుచుకో," అంది డెనీజ్.

భోజనానికి కూర్చున్నారు. అన్నం, మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు, ఉల్లిపాయ వేసి వేయించిన, బంగాళాదుంప కజ్జికాయల్లాంటి పిరోగీలు, సాసేజి. కథంతా విని రోమన్ ఫోర్కు కింద పెట్టాడు.

"దీనికింత రాద్ధాంతమా? నాన్నా, మూడూ నాకిచ్చెయ్యి. మా వైపు ఈ కార్డుల గోల లేదు, వేలిముద్రల గోల లేదు. అసలు మీరే వచ్చెయ్యండి. డెబ్భై దాటిన మనిషి పోలీసు స్టేషన్లో వేళ్ళు అద్దుకోవడం ఏమిటి?"

"నీ దగ్గర ఎన్నున్నాయిరా ఇప్పుడు?" అడిగాడు కాజిమిర్.

"పదకొండో, పన్నెండో."

"నీకే తెలీదా?"

"ఒకటి ట్రక్కులో ఉండాలి. చూడాలి."

"వాడి సాక్సులు కూడా అంతే," అంది స్టాషా. "ఒకటి ట్రక్కులో ఉంటుంది."

టెస్ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వులోనే నోరు జారింది. "సీటు వెనకే ఉంది మావయ్యా. ఆ రోజు ఇసుక గుంట దగ్గర కాల్చాక నేనే పెట్టాను కదా."

టెస్ మొహం చెవులదాకా ఎర్రబడింది.

"ఏ రోజు?" అంది డెనీజ్.

రోమన్ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. "మొన్న సెలవుల్లో వచ్చింది కదా, ఏదో సరదాకి. నేను పక్కనే ఉన్నాను. బాగా కొట్టింది కూడా. మా దగ్గర తప్పేం కాదు డెనీజ్, చట్టం ఒప్పుకుంటుంది."

"నేను ఒప్పుకున్నానా?"

"నువ్వెలాగూ ఒప్పుకోవు. పిల్ల ముచ్చట పడింది."

"నేను ఒప్పుకోనని తెలిసే చేశావన్నమాట." డెనీజ్ కుర్చీ వెనక్కి జరిపింది. తండ్రి వైపు తిరిగింది. "నీకు తెలుసా నాన్నా? అందరూ కలిసి నా కళ్ళు కప్పారా?"

"జాజీకి తెలీదమ్మా," అంది టెస్, ఏడుపు ఆపుకుంటూ. "జాజీని ఎన్నిసార్లు అడిగానో. ఒక్కసారి పట్టుకోనిమ్మన్నా పట్టుకోనివ్వలేదు. మీ అమ్మ సరేనంటేనే అంటాడు. అందుకే మావయ్యని అడిగాను."

డెనీజ్ ఆ మాటకి తండ్రిని కొత్తగా చూసింది. ఆయన కొడుకునే చూస్తున్నాడు.

"చప్పుడు పడకుండా దాని చెవులకి ఏం పెట్టావురా?"

"నాన్నా, నాలుగు తూటాలకి..."

"తల్లికి చెప్పలేదు. చెవులకి ఏం పెట్టలేదు. తుపాకీ ఎక్కడుందో తెలీదు. నువ్వు నన్ను మీ వైపు రమ్మంటావు." కాజిమిర్ తుండుగుడ్డతో మూతి తుడుచుకుని మడిచి పక్కన పెట్టాడు. "మీ ఊళ్ళో నీకు అడ్డమొచ్చే మనిషి ఒక్కడు లేడు. అది గొప్ప అనుకుంటున్నావు. ఇక్కడ లైసెన్సు కావాలంటే నాకు ఎడీ హామీ ఉండాలి, క్లబ్బులో నలుగురు నన్ను ఎరిగుండాలి, స్టేషన్లో పెద్దాయన నా మొహం చూడాలి. అవన్నీ నాకు చీకాకు అనుకుంటున్నావు. కాదు. వాటి మూలానే నాకు స్నేహితులున్నారు. వాటి మూలానే..."

"కాజ్," అంది స్టాషా మెల్లిగా. "వద్దులే. చల్లారిపోతోంది, తిను."

"చెప్పనీ స్టాషా. తాళం నా దగ్గర ఎందుకు పెట్టుకోనని ఇది అడిగింది కదా. పిల్ల కూడా విననీ."

ఆయన కుర్చీ రోమన్ వైపు తిప్పుకున్నాడు.

"కాగితం మిల్లు మూసేసిన ఏడాది. డెనీజ్ కాలేజీలో ఉంది. నువ్వు నేవీలో ఉన్నావు. నాకు పని లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే మెషీను దగ్గర నిలబడ్డవాణ్ణి, పొద్దున్నే లేచి బూట్లు వేసుకుని, ఎక్కడికీ వెళ్ళేది లేక విప్పేసేవాణ్ణి. మీకు ఫోనులో బాగున్నానని చెప్పేవాణ్ణి. ఓ మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చాను. బయట మోకాలెత్తు మంచు. మీ అమ్మ ఇవే, క్యాబేజీ చుట్టలు చేస్తోంది. తాళం ఇమ్మన్నాను."

రోమన్ కుర్చీలో ముందుకి వంగాడు.

"ఎక్కడికి, అంది. ఎప్పుడూ అడిగేదేగా. క్లబ్బుకి అంటే సరిపోయేది. క్లబ్బు ఆ మంచులో మూసుందని మీ అమ్మకి తెలుసు గానీ, నేను అలా అనేసి ఉండొచ్చు. నా నోటికి రాలేదు. అన్నేళ్ళు అడిగింది, అన్నేళ్ళూ నిజమే చెప్పాను. అబద్ధం చెప్పడం అలవాటు కాలేదు. కాళ్ళకి బూట్లు కూడా లేవు, ఇంట్లో చెప్పులతో అలా నిలబడిపోయాను."

టెస్ చెయ్యి బల్ల కిందనుంచి వచ్చి తాత మోచేతి మీద వాలింది.

"అప్పుడేం చేశావమ్మా?" అంది డెనీజ్.

"ఏం చేస్తాను. పొయ్యి కట్టేశాను. కూర్చోమన్నాను," అంది స్టాషా, పిరోగీ పళ్ళాన్ని అనవసరంగా అటూ ఇటూ జరుపుతూ. "చేతులనిండా అన్నం, మాంసం. అలాగే పట్టుకున్నాను మీ నాన్నని. చొక్కా అంతా పాడైంది. తరవాత ఎడీకి ఫోను చేశాను."

"ఎడీ వచ్చాడు," అన్నాడు కాజిమిర్. "ఒక్క మాట అడగలేదు. వాడికీ లైసెన్సుంది, వాడి ఇంట్లోనూ ఇలాంటి బీరువా ఉంది. మూడూ ట్రక్కులో పెట్టుకున్నాడు. మళ్ళీ వెనక్కొచ్చి, ఆ చుట్టలు మిగిలాయా అని అడిగి, ఇక్కడే, నీ కుర్చీలోనే రోమన్, కూర్చుని తిన్నాడు. మర్నాడు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ పై వారమూ తీసుకెళ్ళాడు. నదిలో మంచు కరిగాక తుపాకులు తెచ్చిచ్చాడు. బీరువాలో పెట్టి తాళం వేసి, మీ అమ్మ చేతికి తాళంచెవి, నా చేతికి ఒక చేపల గాలం ఇచ్చాడు. ముందు ఇది పట్టు అన్నాడు."

రోమన్ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఓడ మీదున్నావు. ఏం చేసేవాడివి?" అన్నాడు తండ్రి, ఈసారి నెమ్మదిగా. "నువ్వు చెడ్డవాడివని అనడం లేదురా. నిన్ను ఎక్కడికని అడిగే మనిషి లేదని నా బెంగ."

రోమన్ తల దించుకుని ఫోర్కుతో ప్లేటు అంచు గీశాడు. అప్పుడు అక్క వైపు చూశాడు. "నేను నిన్ను అడగాల్సింది డెనీజ్. చేసింది తప్పే. టెస్, నువ్వు కూడా నా మాట పట్టుకుని మీ అమ్మ దగ్గర దాచావు. అదీ నా తప్పే."

డెనీజ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. పుస్తకాల అరల వెనక తాను పిల్లల్ని ఎవరినుంచి దాస్తోందో, ఆ మనిషి మొహం ఆమె ఎన్నోసార్లు ఊహించుకుంది. ప్రతిసారీ అతను బడి తలుపు దగ్గర మొదలయ్యేవాడు. అతనికీ ఒక ఇల్లుంటుందని, ఆ పూట ఒక వంటింట్లోంచి నడిచి బయటికొచ్చి ఉంటాడని ఆమెకి ఎప్పుడూ తోచలేదు. ఆ వంటింట్లో ఎవరూ ఎక్కడికని అడిగి ఉండరు.

వెనక తల్లి మెడ తడుముకోవడం కిటికీ అద్దంలో కనిపించింది. పతకం, తాళంచెవి ఒకదానికొకటి తగిలి చిన్న చప్పుడు చేశాయి. ఎన్ని వేల సార్లు విన్న చప్పుడో. నాన్న బతికి ఉన్నది ఆ చప్పుడు వల్లనేనని ఇవాళ తెలిసింది. కళ్ళు తుడుచుకుని వచ్చి తల్లి కుర్చీ వెనక నిలబడింది.

"మంగళవారం నిన్ను నేను తీసుకెళ్తానమ్మా. ముందు రోజునుంచి గిన్నెలు ముట్టుకోకు, చేతులకి క్రీము రాసుకో. అప్పుడు పడతాయి వేలిముద్రలు."

"ఇంకెంతకాలం మొయ్యనే దీన్ని? చేతులు వణుకుతున్నాయి. గొలుసు విప్పడానికే మీ నాన్నని పిలవాల్సొస్తోంది."

"కొన్నాళ్ళే. నా కార్డు వచ్చేదాకా."

కాజిమిర్ తలెత్తాడు.

"క్లబ్బులో వచ్చే శనివారం క్లాసు ఉందన్నావు కదా నాన్నా. ఇద్దరి పేర్లూ ఇవ్వు, నాదీ, టెస్‌దీ. పరీక్ష ఇద్దరం రాస్తాం. అది అయ్యాక సంతకం పెడతాను. టెస్, నువ్వు మావయ్యతో గానీ జాజీతో గానీ నాకు తెలీకుండా గుమ్మం దాటావంటే ఆ సంతకం పెట్టిన కాగితం నేనే చింపేస్తాను."

"నీకు తుపాకులంటే పడదు కదా," అన్నాడు కాజిమిర్.

"ఇప్పుడూ పడదు. క్లాసులో పేల్చమన్నంత పేలుస్తాను, అమ్మలాగే. మళ్ళీ ముట్టుకోను," అంది డెనీజ్. వంగి తల్లి మెడలోని తాళంచెవిని ముట్టుకోబోయి, తనకింకా కార్డు లేదని గుర్తొచ్చి, పక్కనున్న పతకాన్ని సరిచేసి వదిలేసింది. "కానీ నాన్నా, తాళం మాత్రం ఇకనుంచి నన్నే అడగాలి. ఎక్కడికని అడుగుతాను. ఎప్పుడొస్తావని కూడా అడుగుతాను."