వంటింటి మీది మన్ను

పొద్దున్నే పొయ్యి ముట్టించి రాగి సంగటికి ఎసరు పెట్టింది రామాంజినమ్మ. పైనుంచి సన్నగా మన్ను రాలి ఎసట్లో పడింది. నిన్నా ఇంతే. ఆమె ఆ నీళ్లు పారబోసి మళ్లీ ఎసరు పెట్టింది. మైలు దూరం నడిస్తే గానీ బిందెడు నీళ్లు దొరకని తనకల్లులో, ఆ ఎండాకాలంలో, అది అత్త కంట పడకుండా చేయవలసిన పని.

అది అరవై రెండో సంవత్సరం. నడింటి దూలానికి చెద పట్టింది. ముంగారు వానలు పడేలోగా దాన్ని మార్చాలని ఆమె భర్త కొండప్ప వడ్రంగి మద్దిలేటిని పిలిపించాడు. దూలం మార్చాలంటే మిద్దె మీది చవుడు మన్నంతా తీయాలి. మిద్దె కారకుండా ఏటేటా పరుస్తూ వచ్చిన ఆ మన్ను మోకాలి లోతు పేరుకుపోయింది. మద్దిలేటి పార పట్టకముందే రెండు మాటలు చెప్పాడు. తీసిన మన్ను తీసినట్టే కిందికి దించాలి. పని అయ్యేదాకా ఇల్లు ఖాళీ చేసి పశువుల కొట్టంలో సర్దుకోవాలి.

రెండింటికీ కొండప్ప తల్లి అక్కమ్మ ఒప్పుకోలేదు. ఆ చవుడంతా ఆమె భర్త బండి కట్టుకుని ఎక్కడెక్కడి నుంచో తోలి తెచ్చింది. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

"మీ నాయన తోలిన మన్నురా అది. వీధిలో పోసి ఊరోళ్లతో తొక్కిస్తావా? వంటింటి మీద కుప్ప పోయించు. దూలం మారినాక మళ్లా పరుచుకుందాం" అంది. ఇక పొయ్యి ఆర్పుకుని గొడ్ల మధ్య వండుకునే గతి తనకింకా పట్టలేదని కూడా తేల్చి చెప్పింది.

కొండప్ప మంచివాడే. కాకపోతే తల్లి ముందు నోరు పెగలని మంచితనం. దాని కష్టమంతా భార్య పడాల్సిందే. వంటింటి కప్పు మోసే దంతెలు కూడా పాతవేనని, అంత బరువు ఆగవని మద్దిలేటి గొణిగితే, రెండు దినాలే కదప్పా అని సర్దిచెప్పి మన్ను అక్కడే పోయించాడు.

ఆ పొద్దున రామాంజినమ్మ ఉండబట్టలేక మొగుడి దగ్గరకు పోయి నిలబడింది.

"పైన దంతె కిర్రుమంటాండాది. మన్ను రాలుతానే ఉండాది. నేను కొట్టంలో వండుకుంటా."

కొండప్ప తల్లి వైపు చూశాడు. అక్కమ్మ నిదానంగానే అంది. "వండుకోవాలంటే రాప్తాడు పోయి మీ పుట్టింట్లో వండుకోమ్మా. మీ మామ మన్ను నీకు అంత బరువైందా?"

"ఈ పొద్దుకు ఓర్చుకో" అని కొండప్ప నిచ్చెన ఎక్కేశాడు. రామాంజినమ్మ వంటింట్లోకి పోయింది.

బారెడు పొద్దెక్కాక అక్కమ్మ మజ్జిగ కోసం వంటింట్లోకి వచ్చి, గడప పక్కన గోడవార ఉట్టి కింద నిలబడింది. పైన ఎవరో ఇంకో గంపెడు మన్ను కుమ్మరించారు. దంతె విరిగిన చప్పుడు రామాంజినమ్మకు ముందు వినిపించింది. రెండు చేతులతో అత్తను గడప అవతలికి నెట్టింది. తను మాత్రం బయటపడలేదు.

కొండప్ప చేతి గోళ్లు ఊడేటట్టు మన్ను తవ్వాడు. ఆమె ప్రాణంతో దక్కింది. కుడిచెయ్యి దంతె కింద నలిగిపోయింది. లారీలో అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోతే, మోచేతి పైదాకా తీసేశారు.

నెల దాటాక ఆమె బస్సు దిగి ఇంటికొచ్చింది. ఇంటి పైకప్పంతా విప్పేసి ఉంది. కొట్టంలో మూడు రాళ్ల పొయ్యి మండుతోంది. దాని ముందు అక్కమ్మ సంగటి కెలుకుతోంది. కోడలి ముఖంలోకి చూడలేకపోయింది. ముద్ద చేసి, పులుసులో అద్ది, కోడలి నోటి దగ్గర పెట్టింది. పెళ్లయి వచ్చిన పదమూడేళ్లలో ఆ చేతి ముద్ద రామాంజినమ్మ ఎరగదు.

"మామ మన్ను యాడుండాది అత్తా?" అని మెల్లగా అడిగింది.

"వీధిలో పోసినాం. మద్దిలేటి దించతా అంటే ఆగలేక సగం నేనే మోసినా." అక్కమ్మ ముద్ద పట్టుకునే మాట్లాడింది. "మీ మామ మింద పేమనుకుంటినే ఇన్నాళ్లూ. కాదమ్మా. మన్ను రాలుతాండాదని నా కొడుకే చెప్పింటే బయటికి వచ్చుందును. చెప్పింది నువ్వు. నీ మాట నెగ్గకూడదని ఆడనే వండించినా. నా పంతానికి నీ చెయ్యి పాయ."

గుమ్మం దగ్గర కొండప్ప తల వంచుకుని నిలబడ్డాడు. ఆ రోజు తను అనవలసిన మాట ఏదో అతనికి తెలుసు. ఇప్పుడు దానితో ఎవరికీ పని లేదు.

అక్కమ్మ ఏడ్చింది. అత్త ఏడవడం చూసి రామాంజినమ్మ ఆ కన్నీళ్లు తుడవాలని, అలవాటు కొద్దీ కుడిభుజం ముందుకు కదిలించింది. కొంగు కింద ఖాళీ రవిక చేయి ఊగింది. ఒక్క క్షణం ఆగి, ఎడమచేత్తో అత్త చెంపలు తుడిచింది.

"ముద్ద పెట్టు అత్తా, ఆకలైతాండాది" అంది.