సొరపాదుకి పసుపు పూలు

శనివారం ఉదయం కాఫీ కలుపుతూ ఫోన్ చూసిన వసుమతి ముఖం మాడిపోయింది. అమెరికాలోని నోవై ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో, పెరటితోటల పోటీకి నిన్న పంపిన తన సొరకాయ ఫొటో కింద నవ్వుల బొమ్మలు వరసకట్టాయి. పోటీకి జడ్జి అయిన విజయశ్రీగారి మెసేజ్ అన్నిటికంటే ముందుంది.

"సొరపాదుకి పసుపు పూలెప్పటినుంచి వసుమతీ? కాయ కూడా ఏఐలోనే కాసిందా?"

వసుమతి ఫొటోని పెద్దది చేసి చూసింది. సొరపువ్వు తెల్లగా ఉంటుందని పాదు పెట్టినవాళ్ళెవరికైనా తెలుసు. ఇక్కడేమో పాదంతా గుమ్మడి పూలు! వెనక ఉండాల్సిన ట్రాష్ క్యాన్ మాయమైంది. మూడడుగుల కాయ మాత్రం అచ్చంగా తనదే.

"ఏమండీ! నా ఫొటోని ఏం చేశారు?"

భర్త చక్రపాణి లాప్‌టాప్ మీంచి తలెత్తాడు. "పోస్ట్ చెయ్యమని నాకిచ్చావుగా. ట్రాష్ క్యాన్ తీసేసి కాస్త అందంగా చెయ్యమని యాప్‌కి చెప్పా. అంతే."

"అంతేనా? మార్చిలో బయట మంచు పడుతుంటే బేస్‌మెంట్‌లో లైట్ కింద మొలకెత్తించాను. మే అంతా కుండీల్ని పొద్దున బయటికీ, సాయంత్రం లోపలికీ మోశాను. ఇప్పుడు ఊరందరి ముందూ నేను అబద్ధాలకోరుని!"

"నీకు ప్రైజ్ రావాలనే కదా వసూ..."

"నా కాయకి ఆ మాత్రం సత్తా లేదనుకున్నారన్నమాట!" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చక్రపాణి లాప్‌టాప్ మూసేశాడు.

మెట్లు దిగి వచ్చిన కూతురు వేద ఫోన్ అందుకుని చూసింది. "అమ్మా, ఇప్పుడు ఒరిజినల్ పెట్టినా ఫేక్ అంటారు. వీడియో తీసినా ఎవరూ బిలీవ్ చెయ్యరు."

"ఫొటో ఎందుకే? కాయే ఉందిగా!" వసుమతి కళ్ళు తుడుచుకుని, చాకు తీసుకుని పెరట్లోకి నడిచింది.

మధ్యాహ్నం పోటీ ప్రైజులిచ్చే తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌కి ఆ కాయ కారు వెనక సీట్లో బెల్ట్ పెట్టుకుని మరీ వెళ్ళింది. పులిహోర ట్రేలు పక్కకి జరిపి వసుమతి దాన్ని బల్ల మీద పడుకోబెట్టింది. చుట్టూ జనం మూగారు.

"విజయశ్రీగారూ, గోరు పెట్టి చూడండి."

కూరగాయల షాపులో ప్రతి సొరకాయకీ గోరు గుచ్చందే కొనని మనిషావిడ. బొటనవేలి గోరు ఆనించింది. అది సుళువుగా దిగి, గాటులో చెమ్మ ఊరింది.

"ఇంత పొడవు పెరిగినా ముదరనేలేదే!" విజయశ్రీ కళ్ళింతలు చేసుకుంది. "తొందరపడి నోరు పారేసుకున్నాను వసుమతీ, ఏమనుకోకు. నాకు విత్తనాలిస్తావా?"

"పాదుకి ఇంకోటి విత్తనానికి వదిలాను. మొదటి గింజలు మీకే."

ఈలోపు చక్రపాణి మైకు అందుకున్నాడు. "పసుపు పూలు పూయించింది నేనే. మా ఆవిడ కష్టం మీద నాకే నమ్మకం చాలలేదు. సారీ వసూ." పార్కంతా చప్పట్లు మోగాయి. వసుమతికి మళ్ళీ కళ్ళు చెమర్చాయి, ఈసారి గర్వంతో.

విజయశ్రీ అందించిన ఫస్ట్ ప్రైజు కప్పు ఒక చేత, కాయ ఒక చేత పట్టుకుని ఆవిడ ఫొటోకి నిలబడింది.

"కొంచెం ఎడమకి జరుగు వసూ, వెనకాల ట్రాష్ క్యాన్ పడుతోంది," అన్నాడు చక్రపాణి.

"పడనివ్వండి," అని నవ్వుతూ, గోటి గాటు కనబడేలా కాయని ముందుకి తిప్పింది వసుమతి.