డీలియా పదహారో ఏట రాసిన జవాబు

మార్చి నెల పొద్దుటి పూట కనెక్టికట్ నది మీంచి లేచే పొగమంచు గ్రెటా వాళ్ళ పెరటిదాకా వస్తుంది. పెరటి కొట్టంలో గ్రెటా తియ్యటి పాకం కోసం మేపుల్ చెట్ల నీరు కాస్తూ ఉంటుంది. ఏది పొగమంచో, ఏది పొయ్యి మీది ఆవిరో తెలియకుండా రెండూ కలిసిపోయి, ఇల్లంతా తియ్యటి వాసనలో మెల్లగా తేలుతున్నట్టుంటుంది. ఆ ఉదయమూ అలాగే ఉంది.

డీలియా వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది. ఇరవై అయిదేళ్ళ పిల్ల, బోస్టన్‌లో నర్సు. నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చింది. ఆమెకు ఇద్దరు తల్లులు. కన్న గ్రెటాను అమ్మ అంటుంది. గ్రెటాతో కలిసి పెంచిన రోజ్లిన్‌ను మామ్ అంటుంది. గ్రెటా కడుపుతో ఉన్నప్పుడే ఇద్దరూ ఒక పరిశోధనలో చేరారు. ఇలాంటి ఇళ్ళలో పిల్లలు ఎలా పెరుగుతారో తెలుసుకోవడానికి డెబ్బై కుటుంబాలను ఏళ్ళ తరబడి ప్రశ్నలడుగుతున్నారు. డీలియాను ఎనిమిదో ఏట అడిగారు, పదహారో ఏట అడిగారు. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నారు.

రొట్టెకు వెన్న రాస్తూ రోజ్లిన్, పూర్తయిందా అని మామూలుగా అడిగింది. ఒక ప్రశ్న దగ్గర ఆగానంది డీలియా. చిన్నతనంలో ఎప్పుడైనా వారాల తరబడి దిగులుతో మంచం దిగలేకపోయారా అని ఉందట.

"అందులో ఆగడానికేముంది?"

"అవునని రాయాలి, మామ్."

రోజ్లిన్ చేతిలో కత్తి ఆగింది. ఆ వసంతంలో దేశమంతా ఇదే మాట. ఇలాంటి జంటల పెళ్ళి హక్కు మీద పెద్ద కోర్టులో వాదనలు నడుస్తున్నాయి. వాళ్ళ పిల్లలు చెడిపోతారని ఒకరి లెక్కలు, బాగున్నారని ఇంకొకరి లెక్కలు. వేరే ఏ ఏడాదైనా అయితే తాను అడ్డు చెప్పేదాన్ని కాదంది రోజ్లిన్. "నీ పేరు ఉండదు. అంకెగా ఉంటావు. ఆ అంకెను టీవీలో ఊపుతారు."

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. డీలియా అయిదో ఏట దత్తత కాగితాలు వచ్చేదాకా చట్టం దృష్టిలో రోజ్లిన్ ఆ పిల్లకు ఏమీ కాదు. ఒకసారి జ్వరంతో ఉన్న బిడ్డను చూడనివ్వకుండా, మీరేమవుతారని అడిగి ఆసుపత్రి వరండాలోనే కూర్చోబెట్టారు.

డీలియా గొంతు తగ్గించింది. "పదహారో ఏట 'ఎప్పుడూ లేదు' అని రాశాను. ఆ నెలంతా స్కూలుకే వెళ్ళలేదు. ఫ్లూ అన్నాను."

"మా వల్లా?"

"మీరిద్దరూ అయినందుకు కాదు. నేను బాగున్నానని అందరికీ రుజువు చూపించాల్సి వచ్చినందుకు. ఈ ఇంట్లో ఏడవాలంటే దేశానికి అపకారం చేసినట్టుండేది." కాఫీ కప్పు పక్కకు జరిపి అంది: "మనలాంటి వాళ్ళు అంతా బాగుందనే చెప్తారు, నమ్మొద్దు అంటున్నారు కదా కోర్టులో అవతలివాళ్ళు. నా విషయంలో అది నిజం చేసింది నేనే."

చెట్ల నీళ్ళ బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ గ్రెటా అంతా విన్నది. "పక్కింటి డోనెల్లీ గారబ్బాయి మూడుసార్లు జైలుకెళ్ళొచ్చాడు. వాళ్ళమ్మానాన్నల్ని ఎవరూ ఫారం నింపమనలేదు. పిల్లను రాసుకోనీ, రోజ్."

రోజ్లిన్ కత్తి బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది.

కొంతసేపటికి డీలియా కొట్టంలోకి వెళ్ళింది. తెల్లటి ఆవిరిలో రోజ్లిన్ భుజాలు మాత్రమే కనిపించాయి. ఎక్కడో దూరం నుంచి తేలివస్తున్నట్టు ఆమె గొంతు వినిపించింది.

"ఫ్లూ కాదని నాకు తెలుసు."

డీలియా ఆవిరిలోకి ఇంకో అడుగు వేసింది.

"రోజూ నీ గది తలుపు దాకా వచ్చేదాన్ని. తడితే నువ్వు నిజం చెప్తావు. చెప్తే, మనం ఓడిపోయామని ఒప్పుకోవాలనిపించింది. వరండాలో కూర్చోబెట్టిన వాళ్ళను తిట్టుకున్నాను ఇన్నేళ్ళూ. నీ తలుపు బయట నన్నెవరూ ఆపలేదే. నేనే ఆగిపోయాను."

కూతురి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"రాయి తల్లీ. ఉన్నదే రాయి. కాకపోతే ముందు నాకు చెప్పు. ఆ చలికాలం ఎలా ఉండేదో నాకు చెప్పు."

డీలియా చెప్పింది. కిటికీ అవతల మంచు కురుస్తుంటే తనెక్కడో నీళ్ళ అడుగున ఉన్నట్టు ఎలా ఉండేదో, కింద ఇద్దరూ నవ్వుకుంటుంటే ఆ నవ్వు పాడుచేయకూడదని దిండులో ఎలా మొహం దాచుకునేదో చెప్పింది. రోజ్లిన్ ఆమె చెయ్యి వదలకుండా విన్నది. కన్నీళ్ళు తుడుచుకోలేదు కూడా. గ్రెటా వచ్చి పొయ్యిలో కట్టెలు వేసి, వాళ్ళ పక్కనే బల్ల మీద కూర్చుండిపోయింది. ఎండ వచ్చి మంచు విడిపోయినా ముగ్గురూ లేవలేదు.

మధ్యాహ్నం డీలియా మళ్ళీ లాప్‌టాప్ తెరిచి, అవునని నొక్కింది. వెంటనే కింద ఇంకో ప్రశ్న తెరుచుకుంది: ఆ విషయం ఇంట్లో ఎవరికైనా చెప్పారా? చెబితే ఎప్పుడు?

ఖాళీ గడిలో ఆమె రాసింది: ఇవాళ.